తీగను విడిచిన మాట

తెలుగునాటికి వెలుపల స్థిరపడిన మన కుటుంబములలో నడివయసు దాటినవారెవ్వరును 'ట్రంకుకాలు' అను మాటను మరచియుండరు. తపాలా కార్యాలయమునకు పోయి, ఊరి పేరును నంబరును వ్రాసియిచ్చి, బల్లమీద కూర్చుండి పిలుపుకొరకు కాచుకొనవలెను. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని పిలుపులకు తరగతులుండెడివి; తరగతి పెరిగినకొలది రుసుమును పెరిగెడిది. ఎట్టకేలకు లైను కలిసినపుడు గదిలోనివారందరు వినునట్లు కేకవేసి మాటాడవలెను. మూడు నిమిషములు కాగానే నడుమనున్న ఆపరేటరు హెచ్చరించును. "బాగున్నారా?" "బాగున్నాము, మీరు?" అనుటలోనే అర నిమిషము గడచిపోయెడిది. మిగిలిన కాలములో మనవారు చెప్పుకొనిన దేమి? పుట్టుక, చావు, పెండ్లి ముహూర్తము, రైలు వచ్చు వేళ. అంతకు మించిన తెలుగును ఆ తీగమీద నడపించుటకు మన తాహతు చాలెడిది కాదు.

నేడు బరంపురములో ఒక ముసలితల్లి ఇంటి వసారాలో కూర్చుండి, అరచేతిలో ఇముడు ఫోనును చెవి కానించుకొని, షోలాపురములోని కూతురితో ముప్పావుగంటసేపు ఆవకాయ పాళ్లను గూర్చి చెప్పుచున్నది. ఆ ఫోనునకు తీగ లేదు. ఆమె మాట ఇంటిలోని వైఫై పెట్టె వరకు గాలిలో పోవుచున్నది. అటుపిమ్మట అంతర్జాలము వెంట ముక్కలు ముక్కలుగా ప్రయాణముచేసి, ఆవలి యింటిలో మరల గాలిలో నడచి, కూతురి చెవిలో మాటగా కూడుచున్నది. నిమిషమునకింత యని లెక్కించువారు లేరు. ఎంత దూరమని అడుగువారును లేరు. ఇది నిన్నమొన్న ఒక్కసారిగా వచ్చిన వింత యని మన పిల్లలు తలంతురు. దీనివెనుక నూటయేబది యేండ్ల కథ కలదు. ఆ కథలో, సరిహద్దుల కావల మిగిలిన మనకొక ప్రత్యేకమైన పాలు గూడ కలదు. దానినే యిచ్చట చెప్పదలచితిమి.

మొదట సరిహద్దుల మాట. 1936 ఏప్రిలు 1న ఒడిస్సా రాష్ట్రమేర్పడినపుడు గంజామును పర్లాకిమిడియు మద్రాసు రాజధానిని విడిచి అందు చేరెను. 1953 అక్టోబరు 1న, ఆంధ్రరాష్ట్రమవతరించిన నాడే, బళ్లారి మైసూరులో కలిసెను. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము, 1960లో మహారాష్ట్ర నిర్మాణము జరిగెను. హోసూరు తమిళనాటనే నిలిచెను. యానాము 1954లో ఫ్రెంచివారి చేతినుండి వచ్చినను పుదుచ్చేరిని విడువలేదు. షోలాపురములోని మన పద్మశాలీలు ఈ గీతలన్నిటికంటె ముందే మగ్గములతో వలసపోయినవారు. గీతలు గీచినవారిని నిందించుట మా యుద్దేశము కాదు. ఎచ్చట గీచినను ఈవల కొందరు, ఆవల కొందరు మిగులుట తప్పదు. కాని పర్లాకిమిడినుండి పాతపట్నమునకు నడచిపోవచ్చును. యానాము రేవున నిలిచినచో గౌతమి ఆవలి గట్టున ఎదుర్లంక కనబడును. ఆ గీతలు పటముమీదనే ఆగియుండిన బాగుండెడిది. అవి బడులలోనికి, కచేరీలలోనికి, కొంతకాలమునకు టెలిఫోను బిల్లులోనికి గూడ వచ్చెను.

అలెగ్జాండరు గ్రాహం బెల్లు అమెరికాలో టెలిఫోనునకు హక్కుపత్రము పొందినది 1876లో. ఆరేండ్లు తిరుగక మునుపే, అనగా 1882లో, కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో ఎక్స్ఛేంజీలు వెలసెను. నాటినుండి దాదాపు నూరేండ్లపాటు టెలిఫోను నడచిన సూత్ర మొక్కటే: ఇద్దరు మాటాడుచున్నంతసేపు వారి నడుమనున్న త్రోవ యంతయు వారికే చెందవలెను. అది ఒక బండి పోవుటకై రాజమార్గమునంతను మూసియుంచుట వంటిది. ఒకరు మాటాడునపుడు రెండవవారు విందురు గనుక త్రోవలో సగ మెప్పుడును ఖాళీయే. అయినను దాని వెలయు మనమే చెల్లించితిమి. తల్లి దుఃఖముతో మాటరాక ఊరకున్న క్షణములకును లెక్క తప్పలేదు. 1960లో కాన్పూరు, లక్నోల నడుమ ఎస్.టి.డి. మొదలై, ఆపరేటరు అక్కరలేకుండ దూరపు ఊరిని నేరుగా పిలుచు వీలు మనదేశమున కలిగెను. ఆపరేటరు తప్పుకొనెను గాని సూత్రము మారలేదు. దూరము పెరిగినకొలది మీటరు వేగముగ తిరుగుచునే యుండెను.

ఈ సూత్రమును మార్చవచ్చునని 1960-70 నడుమ ఇద్దరు వేర్వేరుగ తలపోసిరి. అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లాండులో డోనాల్డ్ డేవిస్. సందేశమును చిన్నచిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్కపై చేరవలసిన చిరునామాను వరుససంఖ్యను వ్రాసి, ఏ త్రోవ ఖాళీగ నున్న ఆ త్రోవన పంపవలెను; ఆవలివైపున వరుసలో కూర్చుకొనవలెను. ఈ ముక్కకు 'ప్యాకెట్' అని పేరు పెట్టినవాడు డేవిస్. మనకిది బొత్తిగా క్రొత్త సంగతి కాదనిపించును. అష్టావధానము చూచినవారు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అవధాని ఒక పృచ్ఛకునికి పద్యమంతయు ఒక్కమారు చెప్పి ముగింపడు. ఒకరికొక పాదము చెప్పి, మరియొకరి వైపు తిరిగి వారికొక పాదము చెప్పి, నడుమ అప్రస్తుతప్రసంగము చేయువానికి బదులిచ్చుచు, తుదకు ధారణలో ఎవరి పద్యమును వారికి చెక్కుచెదరకుండ ఒప్పగించును. ఒక్క నాలుక యెనమండుగురికి చాలినట్లే, ఒక్క తీగ వేలమందికి చాలును. ఈ సూత్రముపై నిర్మితమైన ఆర్పానెట్ అను గణనయంత్రముల వల 1969 అక్టోబరులో తొలిసందేశమును మోసెను. నేటి అంతర్జాలమునకు అదియే మూలము.

అక్షరములను ముక్కలుచేసి పంపుట సులభము. ఒక ముక్క అర సెకను ఆలస్యముగ వచ్చినను చదువరికి నష్టము లేదు. మాట అట్టిది కాదు. నోటినుండి చెవికి చేరుటకు 150 మిల్లీసెకనులకు, అనగా సెకనులో ఏడవవంతుకు, మించరాదని తరువాతి కాలమున అంతర్జాతీయ ప్రమాణములు నిర్ణయించెను. అంతకు మిక్కిలి మించినచో ఇద్దరును ఒక్కమారే మాట మొదలుపెట్టి, ఒక్కమారే ఆగుదురు. ఇంకొక చిక్కు గూడ కలదు. టెలిఫోను కంఠమును మార్పులేకుండ అంకెలుగ వ్రాయుటకు సెకనునకు 64 వేల బిట్లు కావలెను. ఆర్పానెట్ తీగల శక్తి 50 వేలు మాత్రమే. ఏనుగును ఎలుక కన్నములో దూర్చవలసిన పని యన్నమాట.

ఆ పనికి పూనుకొనినవారిలో డానీ కోహెన్ ముఖ్యుడు. 1974 ఆగస్టులో కాలిఫోర్నియాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సమాచారశాస్త్ర సంస్థకును, దేశపు ఆవలి యంచున మసాచుసెట్సులోని లింకన్ ప్రయోగశాలకును నడుమ, మానవకంఠము ప్యాకెట్లుగా ఆర్పానెట్ మీద నడచెను. ఆ డిసెంబరులోనే కాలిఫోర్నియాలోని మరియొక చోటినుండి అదే ప్రయోగశాలకు సెకనునకు 3,500 బిట్లతోనే మాటను పంపగలిగిరి. అంత కుదింపు ఎట్లు సాధ్యమయ్యెను? పాటను మోసికొనిపోవుటకు బదులు స్వరమును వ్రాసి పంపినచో, ఆవలనున్న వైణికుడు దానిని మరల పలికించును గదా! అట్లే ధ్వనితరంగమును గాక, గొంతు, నాలుక, పెదవులు ఆ క్షణమున దాల్చిన రూపమును అంకెలలో వర్ణించి పంపుదురు. ఈ విద్యకు 'లీనియర్ ప్రిడిక్టివ్ కోడింగ్' అని పేరు. దీనికి పునాది వేసినవారిలో జపానువారితోపాటు మన దేశీయుడు బిష్ణు అటల్ గూడ కలడు. ఆయన కాన్పూరున పుట్టి, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో కొన్నాళ్లు బోధించి, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు పోయినవాడు. ఎస్.టి.డి. మొదలైన ఊరును ఆయన పుట్టిన ఊరును ఒక్కటే యగుట కేవలము యాదృచ్ఛికమే గాని, చెప్పుకొనుటకు ముచ్చటగ నున్నది.

ఆ ప్రయోగముల ఫలితము నేటికిని మన ఫోనులలో నిలిచియున్నది. అంతర్జాలపు తొలి నిబంధనలప్రకారము పోయిన ప్రతి ముక్కను మరల తెప్పించుకొనవలెను. అది వచ్చువరకు వెనుకటివి వేచియుండవలెను. ఉత్తరమున కది మంచిదే. మాటకు మాత్రము చేటు. గడచిపోయిన అక్షరము తరువాత వచ్చిన నెవనికి కావలెను? ఆలసించిన ముక్కను పారవేసి ముందుకు సాగుటయే మేలని కోహెన్ మొదలైనవారు పట్టుపట్టిరి. ఇట్టి వాదముల ఫలితముగ 1978 ప్రాంతమున ఆ నిబంధనలు రెండుగ చీల్చబడి, 1980లో 'యు.డి.పి.' అను తేలికపాటి పద్ధతి వెలువడెను. నేడు అంతర్జాలముమీద నడచు మాటలలో అధికభాగము ఆ త్రోవనే పోవుచున్నది. మాట నడుమ ఒక అక్షరము గుటుక్కుమని మాయమై, తరువాతి మాట చక్కగ వినిపించుటను మీరెల్లరు ఎరుగుదురు. అది చాలవరకు లోపము కాదు. ఆలసించిన ముక్కను బుద్ధిపూర్వకముగ విడిచిరని యర్థము.

ఇంతవరకు తీగ యున్నది. దానిని విడిపించిన కథ సముద్రమధ్యమున మొదలైనది. హవాయి విశ్వవిద్యాలయము అనేక ద్వీపములలో వ్యాపించినది. ద్వీపమునకు ద్వీపమునకు నడుమ మంచి తీగలు లేవు. నార్మన్ అబ్రామ్సన్ అను ఆచార్యుడు 1971లో రేడియో తరంగములపై ప్యాకెట్లను పంపు వలను అచ్చట నడపెను. ఆ ద్వీపవాసుల పలుకరింపు మాట 'అలోహా' యే దాని పేరు. అందరును ఒకే గాలిని పంచుకొనుచున్నారు గదా, ఇద్దరొక్కమారు పలికిన నేమగును? రెండును చెడును. అప్పుడు ప్రతివాడును తనకు తోచినంతసేపు ఆగి మరల పలుకవలెను. అంతే నియమము. పెద్దల తగవులలో సైతము ఇంత సులువైన తీర్పు మేము వినలేదు. ఈ యూహనే రాబర్ట్ మెట్‌కాఫ్ 1973లో తీగలకు మలచి ఈథర్నెట్‌గ తీర్చెను. పలుకుటకు ముందు గాలి నిశ్శబ్దముగ నున్నదో లేదో వినవలెనను మర్యాదను చేర్చుకొని అది వైఫైలో మరల గాలికే చేరినది. దీవులలో విడివడియున్నవారికి పుట్టిన సాధనము, పరభాషల నడుమ దీవులవలె నున్న మనకు అక్కరకు వచ్చుట తగియే యున్నది.

రేడియో తరంగములు ప్రభుత్వముల సొత్తు. అనుమతిపత్రము లేక వానిని వాడుట నేరము. 1985లో అమెరికా ప్రభుత్వము కొన్ని తరంగశ్రేణులను, పొరుగువారికి హాని చేయని కొలది శక్తితో, ఎవ్వరైనను అనుమతి లేకుండ వాడుకొనవచ్చునని ప్రకటించెను. వంటింటి మైక్రోవేవ్ పొయ్యిలు మొదలైనవి వాడెడి, ఎవరికిని అంతగా పట్టని శ్రేణులవి. ఊరి బీటి భూమి అందరికి పచ్చికయైనట్లు ఆ శ్రేణులే వైఫైకి నెలవయ్యెను. 1997లో 802.11 అను ప్రమాణము సెకనునకు 20 లక్షల బిట్ల వేగముతో వచ్చెను. 1999లో ఆ వేగము కోటిపదిలక్షలకు పెరిగి, 'వైఫై' అను పేరును స్థిరపడెను. మనదేశమున 2.4 గిగాహెర్ట్జు శ్రేణిని ఆరుబయట సైతము అనుమతి లేకుండ వాడుకొనవచ్చునని నియమములు వెలువడినది 2005 జనవరిలో.

గణనయంత్రమునకు పనికివచ్చిన వైఫై చేతిఫోనునకు వెంటనే లొంగలేదు. ఇచ్చట కొంచెము వివరము అవసరము. మాటను ఇరువది మిల్లీసెకనుల తునకలుగ కోసినచో, ఒక్కొక్క వైపునుండి సెకనునకు ఏబది ప్యాకెట్లు పోవలెను. ప్రతి ప్యాకెట్టులో 160 బైట్ల కంఠముండును. దానిపై చిరునామాలు మొదలైన తలకట్టు మరి 40 బైట్లు. ఇంతే కాదు. ప్రతి ప్యాకెట్టును గాలి ఖాళీ యగువరకు ఆగి, పలికి, అందినదను బదులును వినవలెను. కోటిపదిలక్షల బిట్ల వేగమును లెక్కవేసి అరువదికి పైగా సంభాషణములు ఇముడునని కాగితముమీద చూపవచ్చును. వాస్తవమున ఒక పెట్టెవద్ద పదీ పండ్రెండుకు మించి సాగలేదు. కాలము మాటకు గాక, మాటను పంపు మర్యాదలకు ఖర్చయిపోయెడిది! మన సభలలో అధ్యక్షుని తొలిపలుకులు ఎరిగినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

2003 నాటికి సిస్కో మొదలైన సంస్థల వైఫై చేతిఫోనులు ఆసుపత్రులలోను, గిడ్డంగులలోను కనబడసాగెను. నర్సు వార్డునుండి వార్డునకు నడచుచు మాటాడగలిగెను, కాని ఒక పెట్టె హద్దు దాటి మరియొక పెట్టె హద్దులో అడుగిడినపుడు, క్రొత్త పెట్టె ఆమె ఫోనును "నీవెవరవు?" అని ప్రశ్నించి సమాధానపడులోపల మాట తెగెడిది. ఫోను ఎడతెగక గాలిని వినుచుండుటచే బ్యాటరీయు త్వరగ ఎండిపోయెడిది. 2005లో వచ్చిన సవరణ మాటకు ఉత్తరములకంటె ముందు త్రోవనిచ్చి, నడుమ నడుమ ఫోనునకు కునుకు తీయుటకును వీలు కల్పించెను. 2008లో వచ్చిన మరియొక సవరణ హద్దు దాటుటను త్వరితము చేసెను. పిలుపు మ్రోయించుటకు, ఎత్తుటకు, పెట్టుటకు కావలసిన 'సిప్' అను ఒడంబడిక 1999 నాటికే సిద్ధమై యుండెను. ఇట్లు నలుదిక్కులనుండి వచ్చిన పనిముట్లు ఒక్క చేతిఫోనులో కూడుటకు పదేండ్లు పట్టెను.

మనదేశమునకు వత్తము. 1995 ఫిబ్రవరిలో ఇజ్రాయేలునకు చెందిన వోకల్‌టెక్ సంస్థ అంతర్జాలము మీద మాటాడు సాధనమును విపణిలో పెట్టెను. ఆ యేడే ఆగస్టు 15న విదేశ సంచార్ నిగమ్ మన ప్రజలకు అంతర్జాలమును తెరచెను. కాని మాట మాత్రము నిషిద్ధము. 1998లో ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన అనుమతులలోను ఆ నిషేధము నిలిచెను. విదేశపు పిలుపులపై వచ్చు రాబడి పోవునని భయము. 2002 ఏప్రిలు 1న ఆ తలుపు సగము తెరువబడెను. ఆ సగమెట్టిదో చూడుడు: గణనయంత్రమునుండి విదేశములోని టెలిఫోనును అంతర్జాలము మీద పిలువవచ్చును, మనదేశములోని టెలిఫోనును పిలుచుటకు మాత్రము ఇంటర్నెట్టు సంస్థలకు అనుమతి లేదు. అనగా బరంపురములోని నెట్ సెంటరునుండి చికాగోలోని మేనల్లుని ఫోనును చౌకగ పిలువవచ్చును; విజయనగరములోని మేనత్త ఫోనునకు ప్రక్కనున్న ఎస్.టి.డి. బూతుకే పోవలెను. రైలు కొన్ని గంటలలో చేరు మేనత్త, సముద్రముల కావలి మేనల్లునికంటె దూరమయ్యెను. ఆ బూతు అద్దముల వెనుక ఎర్రని అంకెలు గిరగిర తిరుగుచుండగా మాటను మింగి దిగివచ్చినవారము మనలో ఎందరమో!

చేతిఫోను వేరుగ వచ్చెను. 1995 జూలై 31న కలకత్తానుండి జ్యోతిబసు ఢిల్లీలోని సుఖరామునకు చేసిన పిలుపుతో సెల్‌ఫోను మనదేశమున అడుగుపెట్టెను. తొలినాళ్లలో చేసినను రుసుమే, వచ్చినను రుసుమే. వచ్చు పిలుపునకు రుసుము తొలగినది 2003లో. మనకు తగిలిన దెబ్బ వేరొకచోట నున్నది. ప్రభుత్వము ఈ సంస్థలకు దేశమును 'సర్కిలు'లుగ పంచియిచ్చెను, సర్కిళ్లు చాలవరకు రాష్ట్రముల సరిహద్దులనే అనుసరించెను. భాషను బట్టి గీచిన గీత, ఆ భాష మాటాడుకొను మాటకే వెల కట్టు గీత యయ్యెను! బిడ్డ నిచ్చినది ఆవలి రాష్ట్రమున, కోడలిని తెచ్చుకొనినది ఆవలి రాష్ట్రమున. మన పిలుపులన్నియు దూరపు పిలుపులే. సరిహద్దు దాటి పెండ్లికి పోయినచో రోమింగు. అచ్చట ఫోను ఎత్తినను రుసుమే. గీత ప్రక్కన నివసించువారి ఇక్కట్టు మరియు విచిత్రము: ఇంటిలోనే యుండగా ఆవలి రాష్ట్రపు టవరు పట్టుకొని, కదలకుండ కూర్చున్నవానిని ప్రయాణికునిగ లెక్కించెడిది. 2006 మార్చి 1న ప్రభుత్వ సంస్థలు దేశమంతటికి నిమిషమునకు ఒక్క రూపాయి యను పథకమును తెచ్చినపుడు మన వీధులలో కలిగిన సంతోషమును రాష్ట్రము నడుమ నివసించువారు గ్రహింపజాలరు. 2015 జూన్‌లో బి.ఎస్.ఎన్.ఎల్. రోమింగులో వచ్చు పిలుపులకు రుసుము మానెను.

ఈలోపల గీతలనెరుగని త్రోవ వెనుకనుండి వచ్చుచుండెను. 2003 ఆగస్టులో వెలువడిన స్కైపు, విదేశములకు పోయిన మన పిల్లల ముఖములను వారి తలిదండ్రులకు చూపెను. ఇరువదేండ్లకు పైగా పనిచేసి 2025 మేలో అది మూతపడినది. 2005లో నోకియా వైఫై కలిగిన చేతిఫోనుల వరుసనొకదానిని ప్రకటించెను. అవి మధ్యతరగతి చేతికి అందలేదు. 2015లో వాట్సాపు మాటను మోయసాగెను. మరుసటి యేడు సెప్టెంబరులో జియో రాకతో డేటా వెల నేలకు దిగెను. 2018లో కేంద్రప్రభుత్వము అంతర్జాలమునుండి మనదేశపు ఫోనులను పిలుచుటకు గల అడ్డును తొలగించెను. 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్, 2020 జనవరిలో జియో, తమ చందాదారుల సొంత నంబరుతోనే ఇంటి వైఫైమీద మాటాడు వీలును కలిగించెను. రాతిగోడల పాతయిండ్లలో, టవరు సూచన అందక మేడ మెట్లెక్కి మాటాడిన పెద్దలకు ఇది చేసిన మేలు చిన్నది కాదు. ఈ తుది ఏర్పాటులో ఆవలివాని వద్ద అంతర్జాలముండనక్కరలేదు. ఆయనది వట్టి బొత్తాముల ఫోనైనను మ్రోగును.

మనవారి తెలుగునకు ఈ మార్పు ఏమిచేసినదో చెప్పక ఈ కథ పూర్తికాదు. పాత టెలిఫోను 300నుండి 3,400 హెర్ట్జుల వరకే ధ్వనిని మోసెడిది. స, శ, ష ల తేడా చాలవరకు అంతకు పైన నుండును. కనుకనే ట్రంకుకాలులో 'సరళ'యో 'శారద'యో తెలియక నాలుగుమారులడిగి రుసుము పోగొట్టుకొనెడివారము. అంతర్జాలమునకు ఆ హద్దు లేదు. 2012లో ప్రమాణమైన 'ఓపస్' వంటి పద్ధతులు కంఠమును దాదాపు నిండుగ మోయును. వినుడు, భేదము తెలియును. మన పిల్లలు ఒడియాలో, తమిళములో, కన్నడములో, మరాఠీలో చదువుకొనుచున్నారు. తెలుగు వారి నోట నున్నది, కంటికి లేదు. అమ్మమ్మ వ్రాసిన కార్డును మరియొకరు చదివి వినిపింపవలెను. ఇట్టివారికి భాష చేరు ద్వారము చెవి యొక్కటే. ఆ ద్వారమునుండి మూడు నిమిషములపాటు కేకలు మాత్రమే దూరిన కాలమొకటి గడచినది. ఇప్పుడు సామెతలు, దెప్పిపొడుపులు, పొడుపుకథలు, ఒకే మాటను రెండుమారులు చెప్పు పెద్దల చాదస్తము, అన్నియు దూరుచున్నవి. భాష యనగా వార్త కాదు, ఈ చాదస్తమే యని మా నమ్మకము. ఒరియా బడిలో చదువు మనుమరాలు "అరిసెల పాకము తీగ రావలెనా, ఉండ రావలెనా?" అని ఫోనులో అడుగుట మేము చెవులార వింటిమి. ఆ ప్రశ్నను ట్రంకుకాలులో అడుగుటకు ఎవరును సాహసించియుండరు.

మేలునే చెప్పి ఊరకుండుట చరిత్ర వ్రాయువారికి తగదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురమువద్ద తీరమును దాటినపుడు గంజాము జిల్లాలో కరెంటు స్తంభములు వరుసలుగ ఒరిగిపోయెను. సెల్‌ఫోనులు మూగవోయెను. పాత తీగఫోనునకు కావలసిన విద్యుత్తు ఎక్స్ఛేంజినుండియే ఆ తీగవెంట వచ్చెడిది. ఇంట దీపము లేకున్నను, తీగ తెగనంతవరకు అది పలికెడిది. వైఫై పెట్టెకు ఆ గుణము లేదు. కరెంటు పోయిన మరునిమిషమున, వెనుక బ్యాటరీ లేనిచో, ఇల్లు మూగయగును. తీగను విడిచినందుకు మనము చెల్లించిన వెల యిది. తూర్పుతీరమున నుండువారు ఆ పెట్టెకొక చిన్న బ్యాటరీని తగిలించుకొనుట మంచిది.

వేరొక వెలయు కలదు. ఈ సంచికకొరకు పాతకాలపు కుటుంబముల వృత్తాంతములను సేకరించుచు మేము కొన్ని యిండ్లకు పోయితిమి. ప్రతి యింటను అటకమీదనో, ఇనుపపెట్టె అడుగుననో, దారముతో కట్టిన ఇన్‌లాండు ఉత్తరములు, కార్డులు దొరకెను. ఏ యేట వలసవచ్చిరి, మగ్గమునకు నూలు ఏ వెలకు కొనిరి, ఎవరు ఎవరితో పలుకుట మానిరి, అన్నియు అందున్నవి. వానిని చదువలేని మనుమలు సైతము జాగ్రత్తగ దాచియుంచిరి. 2015కు తరువాతి కాలమునకు అట్టి కట్ట యే యింటను లేదు. ఒక యింటి పెద్దామె, చెల్లెలితో తాను ప్రతిదినము మాటాడుదునని చెప్పి, ఫోనును మా చేతికిచ్చెను. అందు తేదీలును నిమిషములును వరుసగ నుండెను: నలుబదిరెండు, ముప్పదియారు, ఏబదియైదు. ఏమి మాటాడుకొందురని అడిగితిమి. "ఏముంటాయి బాబూ, ఏవో మాటలు" అని నవ్వి, ఫోను మ్రోగుచుండుటచే లోపలికి పోయెను.